గేర్‌బాక్స్‌కు డిప్‌స్టిక్ ఎందుకు ఇవ్వలేదు?

ఈ ఫోర్ బై ఫోర్ ఆటోమేటిక్ బండి మైలేజీ, సీట్లు, టచ్‌స్క్రీన్ గురించి అందరూ రాసేశారు. నా గొడవ ఒక్కటే. ఇంజిన్ ఆయిల్ ఎంతుందో, ఎలా ఉందో తీసి చూసుకోవడానికి డిప్‌స్టిక్ అనే కడ్డీ ఇచ్చినవాళ్లు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు ఎందుకు ఇవ్వలేదు?

మాది వరంగల్‌లో మిర్చి విత్తనాల వ్యాపారం. వానాకాలమంతా ఏటూరునాగారం, మంగపేట, వాజేడు వైపు ఊళ్లు తిరగాలి. నాలుగు చినుకులు పడితే నల్లరేగడి బాట టైర్లను పట్టుకుని వదలదు. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది, క్లచ్ తొక్కలేను. అందుకే ఫోర్ బై ఫోర్‌లో ఆటోమేటిక్ తీసుకున్నాను. మొదట్లో భలే అనిపించింది. నాలుగు చక్రాలూ నెమ్మదిగా, గట్టిగా లాగే "ఫోర్ లో" గేర్ వేసి యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు, బురదలోంచి మెల్లగా బయటికొచ్చేది. అడిగినవాళ్లందరికీ ఇదే కొనమన్నాను. ఇప్పుడు అడిగితే, ముందు మీరు తిరిగేది ఏ రోడ్డు అని అడుగుతున్నాను.

లక్ష కిలోమీటర్లు దాటాక మొదలైంది. పొద్దున్నే రివర్స్ వేస్తే వెంటనే పట్టేది కాదు, కాస్త ఆగి దబ్బున కదిలేది. తర్వాత 60, 70 వేగంలో రంబుల్ స్ట్రిప్స్ మీద పోతున్నట్టు వణుకు. అలైన్‌మెంట్ అన్నారు, చేయించాను. వీల్ బ్యాలెన్సింగ్ అన్నారు, అదీ అయింది. ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది టార్క్ కన్వర్టర్; వణుకుతున్నది దాని లోపల ఆ రెంటినీ నేరుగా కలిపే లాకప్ క్లచ్ అని అప్పుడు ఒక్కరూ చెప్పలేదు. గేర్‌బాక్స్ ఆయిల్ మారుద్దామా అంటే సర్వీస్‌లో ఒకటే జవాబు: "అది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, ముట్టుకోవద్దు." గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ లాంటి పెద్ద కంపెనీయే తన వాటికి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటుంది. నాది వాళ్ల గేర్‌బాక్స్ కాదనుకోండి, అయినా ఆయిల్ ఆయిలే కదా.

తాడ్వాయి దాటాక ఒక లోపలి ఊరికెళ్లి వస్తున్నాం. బురదలో చాలాసేపు గుంజాక గేర్‌బాక్స్ వేడి లైట్ వెలిగింది. బురదలో చక్రాలు నెమ్మదిగా కదులుతూ ఇంజిన్ గట్టిగా తిరుగుతుంటే, ఆ తేడా అంతా టార్క్ కన్వర్టర్‌లో వేడిగా మారి ఆయిల్‌లోకే పోతుంది. ఆపి చల్లారనిచ్చాం. బయల్దేరిన కాసేపటికి ఆర్‌పీఎం పెరుగుతోంది, బండి పోదు. అంతలోనే ఒక కుదుపు, ఒకే గేర్‌లో ఇరుక్కుపోయింది. లిమ్ప్ మోడ్ అంటారు దీన్ని, గేర్‌బాక్స్ ఇంకా పాడవకుండా కంప్యూటర్ ఒకే గేర్‌కు కట్టేస్తుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే కాసేపు బాగుంటుంది, మళ్లీ అదే. చివరికి ఒక ఎత్తు దగ్గర మొరాయించింది. చుట్టూ అడవి, ఫోన్‌లో సిగ్నల్ లేదు, చీకటి పడుతోంది. టెన్షన్ మామూలుగా లేదు.

ట్రాక్టర్ మీద వస్తున్న తమ్ముడొకడు ఆగాడు. "న్యూట్రల్‌ల పెట్టన్నా, తాడేసి గుంజుత" అన్నాడు. ఇంజిన్ ఆపి, గేర్ రాడ్‌ను న్యూట్రల్‌లో పెట్టి దూరం లాగిస్తే ఆటోమేటిక్ ఖతం. ఆయిల్ పంపును తిప్పేది ఇంజిన్, ఇంజిన్ ఆగి ఉంటే చక్రాలు లోపలి భాగాలను ఆయిల్ లేకుండానే తిప్పుతాయి. ఈ బండిలో నాకు నిజంగా నచ్చింది అప్పుడే అక్కరకొచ్చింది. గేర్‌బాక్స్ నుంచి ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌కు విడిగా ఒక చిన్న రాడ్ ఉంది, దానికీ ఒక న్యూట్రల్ ఉంది. అందులో పెడితే గేర్‌బాక్స్‌కూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచుకున్నాను కాబట్టి స్టీరింగ్, బ్రేక్ బరువెక్కలేదు. ఒక్కటే జాగ్రత్త, అప్పుడు పార్క్‌లో పెట్టినా బండి దొర్లుతుంది, హ్యాండ్‌బ్రేకే దిక్కు. రోడ్డు మీదికి లాగాక ఆ తమ్ముడు డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు.

షోరూమ్‌లో స్కానర్ పెట్టి గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. వారంటీ అయిపోయింది. వాళ్లు చెప్పిన డబ్బుకు ఓ మంచి సెకండ్ హ్యాండ్ కారు వస్తుంది. ఆటోనగర్‌లో ఆటోమేటిక్ పని తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ నల్లబడి, మాడు వాసన కొడుతోంది. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్‌లోని అయస్కాంతాలకు బూడిద రంగు మడ్డి పట్టింది గానీ మెరిసే ఇనుప ముక్కలు లేవు. "ముక్కలు లేవు, ఇంకా బతికే ఉంది" అన్నాడాయన. ఆయిల్ దారులను కరెంటుతో తెరిచి మూసే ఒక సోలినాయిడ్, ఫిల్టర్, మొత్తం ఆయిల్ మార్చాడు. తర్వాత లెవల్ చూడటానికి బండిని లిఫ్ట్ మీద సమంగా ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా గేర్లన్నీ ఒకసారి మార్చి, ఆయిల్ 40 డిగ్రీల దగ్గరికి వచ్చేదాకా స్కానర్ చూస్తూ కూర్చున్నాడు. డిప్‌స్టిక్ ఉంటే నేనే తీసి తుడిచి చూసుకునేవాణ్ని. నల్లబడిందని ఆ వణుకు మొదలైన రోజే తెలిసేది.

ఇప్పుడు రివర్స్ వెంటనే పడుతోంది. వణుకు చాలావరకు పోయింది, ఎండలో లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం తెలుస్తుంది. టార్క్ కన్వర్టర్ ఎప్పుడో ఒకసారి విప్పాల్సి రావచ్చని ఆయన ముందే చెప్పాడు. సీజన్ అయ్యేదాకా చూస్తాను.

మా బావమరిది ఇదే బండి తీసుకుంటానంటున్నాడు. అతను తిరిగేది హనుమకొండ, హైదరాబాద్ మధ్యనే కాబట్టి తీసుకోమన్నాను, వాడింది కొంటే మాత్రం గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు అడగమన్నాను. నాలాగా రేగడి బాటల్లో తిరిగేవాళ్లు మాన్యువల్ కూడా ఒకసారి నడిపి చూడండి. నా మోకాలు బాగుంటే నేనూ అదే కొనేవాణ్నేమో.