పాత విల్లీస్ జీపులో పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాక

లో రేంజ్‌లో (ఎత్తులెక్కడానికి వాడే నెమ్మది గేర్ల వరసలో) ఫస్ట్ గేర్ వేసి, ఆక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేసినా ఇంజిన్ ఆగదు. బండి తన పాటికి తాను రాళ్లు పట్టుకుని పైకి పాకుతుంది. పాయింట్లు (స్పార్క్ కోసం కాయిల్ కరెంటుని తెంపే చిన్న యాంత్రిక స్విచ్) తీసేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టిన ఈ మార్పులో నాకు నచ్చింది ఇదే, దీని కోసం ఎంత శ్రమ పడినా దండగ అనిపించలేదు. స్పీడు పెరిగిందా, మైలేజీ వచ్చిందా అని అడిగేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. కానీ ఐడిలింగ్‌లో, అంటే ఆక్సిలరేటర్ తొక్కనప్పుడు, ఇంజిన్ ఇంత నిలకడగా తిరగడం ఈ బండిలో అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

నాది సి.జె-3బి, హరికేన్ ఇంజిన్. నా చేతికి వచ్చేసరికే 6 వోల్టుల నుంచి 12 వోల్టులకి మారి ఉంది. ప్లగ్గులకి వరసగా స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ పాతదే ఉంచాను. లోపలి పాయింట్లు, కండెన్సర్ తీసేసి ఆ చోట ఒక చిన్న మాడ్యూల్ బిగించి, రోటర్ (క్యాప్ లోపల తిరిగే ముక్క) కింద షాఫ్ట్‌కి అయస్కాంతాలున్న రింగు తొడిగాను. స్పార్క్‌కి కావాల్సిన ఎక్కువ వోల్టేజీ తయారుచేసే కాయిల్‌కి రెండు వైర్లు కలిపితే పని అయిపోయింది. క్యాప్ పెట్టేశాక బయటినుంచి చూసేవాళ్లకి ఏమీ మారినట్టు తెలియదు.

అసలు తేడా ఎక్కడ వస్తుందో కాస్త వివరంగా చెప్పాలి. ఈ పాత డిస్ట్రిబ్యూటర్లలో షాఫ్ట్ బుష్‌లు ఎప్పుడో అరిగిపోయి ఉంటాయి. క్యాప్ తీసి రోటర్‌ని వేళ్లతో పట్టుకుని పక్కలకి కదిపితే మీకే తెలుస్తుంది. షాఫ్ట్ ఊగితే పాయింట్ గ్యాప్ (పాయింట్లు విడిపోయినప్పుడు మధ్యలో వచ్చే సందు) ఒక్కో సిలిండర్‌కి ఒక్కోలా వస్తుంది. మీరు ఫీలర్ గేజ్ పెట్టి 0.020 అంగుళాలకి ఎంత జాగ్రత్తగా సెట్ చేసినా అది ఆ ఒక్క పొజిషన్‌లోనే నిజం. గ్యాప్ మారితే టైమింగూ (స్పార్క్ పడే సమయం) మారుతుంది, ఒక సిలిండర్ ముందు మండితే ఇంకొకటి ఆలస్యంగా మండుతుంది. పైగా క్యామ్‌కి రాసుకునే ఫైబర్ దిమ్మ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి టైమింగ్ మొత్తంగా వెనక్కి పోతుంది. వేగంగా పోతున్నప్పుడు ఇవేవీ అంతగా తెలియవు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ని ఐడిలింగ్ దగ్గర, ఎత్తు మీద, బరువుతో నడిపినప్పుడే ప్రతి కుదుపూ సీట్లోకి తెలుస్తుంది. మాడ్యూల్ పెట్టాక టైమింగ్ లైట్ (స్పార్క్ పడిన ప్రతిసారీ మెరిసే లైటు) వేసి చూశాను. అంతకుముందు అటూ ఇటూ గెంతులేసే టైమింగ్ గుర్తు దాదాపు ఒకే చోట నిలబడింది. టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటుకి) 5 డిగ్రీల ముందు పెట్టి బిగించాను, ఆ తర్వాత ఇప్పటిదాకా దాన్ని ముట్టుకోవాల్సిన పని పడలేదు.

ఇదంతా బాగానే ఉంది కానీ ఒకసారి మాత్రం చుక్కలు చూపించింది.

ఎండలో చాలాసేపు ఘాట్ ఎక్కి, పైన బండి ఆపాం. కాసేపయ్యాక సెల్ఫ్ కొడితే ఇంజిన్ హుషారుగానే తిరుగుతోంది, అంటుకోవడం లేదు. పెట్రోల్ వేడెక్కి ఆవిరైందేమోనని పంపు మీద తడిగుడ్డ వేసి ఆగాం. లాభం లేదు. విచిత్రం ఏమిటంటే, సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఉలుకూ పలుకూ లేదు, వదిలేసిన క్షణంలో మాత్రం ఒక్కసారి దగ్గి ఆగిపోయేది. "మాడ్యూల్ పోయుంటది అన్నా, పాయింట్లే నయం" అన్నాడు తోడొచ్చిన తమ్ముడు. నాకూ టెన్షన్ పట్టుకుంది. పాయింట్లయితే గరకు కాగితంతో రుద్దుకుని ఇంటికి చేరొచ్చు, మాడ్యూల్‌కి రోడ్డు మీద చేయగలిగిన వైద్యం లేదు.

ఇక చేసేది లేక ముందు బంపర్ దగ్గర హ్యాండిల్ దూర్చి తిప్పాం. రెండో తిప్పుకే అంటుకుంది! మాడ్యూల్ నిజంగా పోతే హ్యాండిల్‌కి మాత్రం ఎలా పలుకుతుంది? దారంతా అదే ఆలోచన.

ఇంటికొచ్చాక మల్టీమీటర్ పట్టుకుని కూర్చుంటే దొంగ దొరికాడు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 10 వోల్టులకి పైనే ఉంది. అదే సమయంలో మాడ్యూల్ ఎర్ర వైరు దగ్గర చూస్తే 7. మధ్యలో 3 వోల్టులు ఏమైపోయాయి? డ్యాష్‌బోర్డులోని ఆమీటరు, కీ స్విచ్, వాటి వెనక నల్లబడిన టెర్మినల్స్, అన్నీ తలా కొంచెం తినేశాయి. వేడెక్కిన సెల్ఫ్ మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి ఉదయం బాగానే స్టార్టయ్యే బండి ఘాట్ ఎక్కాక మొరాయిస్తుంది. పాయింట్లకి ఈ గొడవ లేదు. 7 వోల్టులకి కూడా అవి బలహీనంగానైనా స్పార్క్ ఇస్తాయి. మాడ్యూల్‌కి మాత్రం కనీస వోల్టేజీ ఒకటుంటుంది, దాని కిందికి పడితే అసలు పనే చేయదు. సెల్ఫ్ వదలగానే వోల్టేజీ తిరిగొచ్చేది, అందుకే ఆ ఒక్క దగ్గు. హ్యాండిల్ తిప్పితే బ్యాటరీ మీద సెల్ఫ్ భారం ఉండదు కాబట్టి మాడ్యూల్‌కి సరిపడా వోల్టేజీ అందింది. నాది హాల్ సెన్సర్ రకం (అయస్కాంతం ఎదురుగా రాగానే పసిగట్టేది) కావడం కూడా కలిసొచ్చింది. అది ఎంత నెమ్మదిగా తిప్పినా పలుకుతుంది. తీగ చుట్ట సెన్సర్ ఉండే రకాలకి కొంత వేగం అందితేనే సిగ్నల్ వస్తుంది.

విరుగుడు చిన్నదే. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా కొత్త వైరు లాగి, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) ద్వారా కాయిల్ పాజిటివ్‌కీ మాడ్యూల్‌కీ ఇచ్చాను. పాత కీ స్విచ్ వైరుకి ఇప్పుడు రిలేని ఆన్ చేయడం ఒక్కటే పని. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి పోయే ఎర్త్ స్ట్రాప్ కూడా కొత్తది వేశాను. అంతే, ఆ జబ్బు మళ్లీ రాలేదు.

రిలే పెట్టాక కుతూహలం కొద్దీ పాత పాయింట్ల ప్లేటు మళ్లీ బిగించి నడిపి చూశాను. ఉదయం స్టార్టింగ్ ఇంచుమించు మాడ్యూల్‌తో ఉన్నంత బాగుంది. పికప్‌లో తేడా కనిపించలేదు. మొదట్లో ఈ రెండూ మాడ్యూల్ మహిమే అని అందరికీ చెప్పాను. నిజానికి మాడ్యూల్ బిగించే రోజున ప్లేటు కింద గ్రీజు గట్టిపడి బిగుసుకుపోయిన అడ్వాన్స్ వెయిట్లు (వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకి జరిపేవి) శుభ్రం చేశాను, ప్లగ్ వైర్లు కొత్తవి వేశాను. పికప్ వచ్చింది వాటి వల్ల, స్టార్టింగ్ బాగుపడింది రిలే వల్ల. మాడ్యూల్ ఒక్కదానికే చెందాల్సిన గొప్ప ఐడిలింగ్ నిలకడ, మాటిమాటికీ గ్యాప్ సెట్ చేసే పని తప్పడం. నాకైతే అవే ముఖ్యం.

పెట్టించుకునేవాళ్లు కాయిల్ కూడా చూసుకోవాలి. నాలుగు సిలిండర్లకి ప్రైమరీ రెసిస్టెన్స్ సుమారు 3 ఓమ్‌లుండాలి. అంతకన్నా బాగా తక్కువున్న కాయిల్ తగిలిస్తే కరెంటు ఎక్కువై మాడ్యూల్ కాలిపోతుంది. ప్లగ్ వైర్లు రాగి తీగవి కాకుండా సప్రెషన్ రకం (విద్యుత్ రొదని అణిచేవి) వేయండి, లేదంటే ఆ రొద మాడ్యూల్‌ని తికమక పెడుతుంది. ఇంజిన్ ఆగాక కీ ఆన్‌లో వదిలేయకూడదు.

చార్ల్స్ కెటరింగ్ 1910 ప్రాంతంలో తెచ్చిన పాయింట్లు, కాయిల్ పద్ధతి అన్ని దశాబ్దాలు ఊరికే నిలబడలేదు. అది చెడిపోయే ముందు సూచనలిస్తుంది, మిస్సింగ్ మొదలవుతుంది, సర్దుకునే టైమ్ ఉంటుంది. మాడ్యూల్ చెడిపోతే అప్పటికప్పుడే ఆగిపోతుంది. అందుకే పాయింట్లు, కండెన్సర్ ఉన్న ప్లేటుని అలాగే టూల్‌కిట్‌లో పెట్టుకుని తిరుగుతున్నాను. రోడ్డుకి దూరంగా, నెమ్మదిగా, ఎత్తులెక్కే తిరుగుడు నాది కాబట్టి నాకు లాభమే. మీ బండి ఎప్పుడో ఒకసారి తారురోడ్డు ఎక్కేదై, షాఫ్ట్ ఊగకుండా ఉంటే మంచి పాయింట్ సెట్ చాలు. ఇంకా 6 వోల్టుల మీదే ఉన్న బండికి, అందులోనూ పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కలిపినది) అయితే, సరిగ్గా దానికి తగిన మాడ్యూలే కొనాలి. అక్కడ 3 వోల్టులు పోతే మిగిలేది సగమే, కాబట్టి వైరింగ్ మొత్తం మార్చే ఉద్దేశం లేకపోతే పెట్టించుకోమని నేను చెప్పను.