ఒక్కో విండోకు ఒక్కో కీ: ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో నా అనుభవం

తిరుపతిలో మాది డీటీపీ షాపు. ఒకవైపు పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు, మరోవైపు శుభలేఖలు, మధ్యలో దర్శనం టికెట్ల బుకింగ్. ఏ పూట చూసినా తెర మీద ఎనిమిది, పది విండోలు తెరిచే ఉంటాయి. కొన్నేళ్లుగా ఈ పనంతా డెబియన్ అనే లినక్స్ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తోనే నడుస్తోంది. పాత కంప్యూటర్ల మీద కూడా తేలికగా నడుస్తుందని పెట్టుకున్నాను. ఇన్నేళ్లూ వదలకుండా వాడుతున్నది మాత్రం దాని షార్ట్‌కట్ల కోసమే.

రెండు విండోల మధ్య తిరగడానికి ఆల్ట్-ట్యాబ్‌ను మించింది లేదు. మూడోది చేరగానే చిక్కు మొదలవుతుంది. ఆఖరున వాడిన విండో ముందుకొస్తుంది కాబట్టి వరుస ఎప్పటికప్పుడు మారిపోతుంది, ప్రతిసారీ కళ్లతో వెతుక్కోవాలి. నాకు కావలసింది తర్వాతి విండో కాదు, ఫలానా విండో.

అందుకు డబ్ల్యూఎంసీటీఆర్‌ఎల్ (wmctrl) అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. విండో శీర్షికలోని ఒక ముక్క ఇస్తే చాలు, ఆ విండోను ముందుకు తెస్తుంది. చిన్న 'ఏ' ఆప్షన్ ఇస్తే విండో ఉన్న వర్క్‌స్పేస్‌కు (విండోలను విడివిడిగా పెట్టుకునే తెరల్లో ఒకదానికి) మనల్ని తీసుకెళ్తుంది. పెద్ద 'ఆర్' ఇస్తే విండోనే మనమున్న చోటికి తెస్తుంది. ఈ తేడా నాకు ఎంతో నచ్చింది. కీబోర్డ్ సెట్టింగ్స్‌లోని అప్లికేషన్ షార్ట్‌కట్లలో ఈ ఆదేశాలను పెట్టుకున్నాను: సూపర్ (విండోస్ గుర్తున్న కీ) పట్టుకుని ఎఫ్1 నొక్కితే గ్రంథం, ఎఫ్2తో స్కాన్ చేసిన దిద్దుబాటు ప్రతి, ఎఫ్3తో బ్రౌజర్, ఎఫ్4తో స్ప్రెడ్‌షీట్.

ఐదో అధ్యాయంలో ఒక పేరా పక్కన గైడుగారు పెన్సిల్‌తో బాణం గీసి, దీన్ని మూడో అధ్యాయంలోకి మార్చమని రాస్తారు. ఎఫ్2తో ఆ గీత చూసి, ఎఫ్1తో గ్రంథంలోకి వచ్చి, పేరా కత్తిరిస్తాను. అధ్యాయాలు వేర్వేరు ఫైళ్లుగా ఉంటే సూపర్-ట్యాబ్ ఉంది. అది ఒకే అప్లికేషన్‌కు చెందిన విండోల మధ్యనే తిరుగుతుంది. ఇంత పనిలో చెయ్యి మౌస్ దాకా పోదు. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా విడుదలయ్యే రోజైతే దీని విలువ ఇంకా తెలుస్తుంది. యాత్రికుల పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు స్ప్రెడ్‌షీట్‌లో ముందే సిద్ధంగా ఉంటాయి. ఎఫ్4, ఎఫ్3, మళ్లీ ఎఫ్4. అక్కడ ప్రతి క్షణమూ లెక్కే.

అక్షరాల కీలు వదిలి ఫంక్షన్ కీలే ఎందుకంటే, తెలుగు కీబోర్డుకు మారినప్పుడు అక్షరాల స్థానాలు మారతాయి, ఎఫ్ కీలు మారవు. తెలుగు టైపు చేసేవాళ్లకు నా గట్టి సలహా ఇదే.

ముందుగా మార్చుకోవలసిన అమరిక ఒకటుంది. కంట్రోల్-ఎఫ్1, ఎఫ్2 వంటివి వర్క్‌స్పేస్‌లు మార్చడానికి మొదటి నుంచే కేటాయించి ఉంటాయి. లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఫీల్డు చేర్చడానికి వాడే కంట్రోల్-ఎఫ్2ను డెస్క్‌టాప్ మధ్యలోనే లాగేసుకుంటుంది. విండో మేనేజర్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ ట్యాబ్ తెరిచి ఆ కేటాయింపులు తీసేయండి.

లోపాలూ ఉన్నాయి. బ్రౌజర్‌లో ట్యాబ్ మారితే విండో శీర్షికా మారుతుంది కాబట్టి శీర్షికతో వెతకడం కుదరదు. చిన్న 'ఎక్స్' చేర్చి అప్లికేషన్ పేరుతో వెతికించాలి. విండో లేకపోతే ప్రోగ్రామ్‌ను కొత్తగా తెరవమని చెప్పాలంటే ఆదేశాన్ని షెల్ (టైపు చేసిన ఆదేశాలను నడిపే ప్రోగ్రామ్) ద్వారా నడపాలి, ఆ షార్ట్‌కట్ పెట్టెలో నేరుగా రాస్తే పనిచేయదు. కంప్యూటర్‌తో అంతగా పరిచయం లేనివారికి ఇది కష్టమే, పక్కన ఒకరు కూర్చుని చేసిపెట్టాలి.

కొత్తగా పెట్టుకునేవారు మరో సంగతి చూసుకోవాలి. డబ్ల్యూఎంసీటీఆర్‌ఎల్ లినక్స్‌లో విండోలను తెర మీద చూపే పాత వ్యవస్థ ఎక్స్11 కోసం చేసినది, దాని స్థానంలోకి వస్తున్న వేలాండ్ విండోలను అది పట్టుకోలేదు. 2024 డిసెంబరులో వచ్చిన ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.20లో వేలాండ్ మద్దతు ప్రయోగదశలోనే ఉంది, కాబట్టి లాగిన్ తెరలో ఎక్స్11 సెషన్‌నే ఎంచుకోండి.