వీఎస్‌ఎస్ (అటవీ శాఖతో కలిసి ఊరివాళ్లు అడవిని కాపాడే వన సంరక్షణ సమితి) చాలా, ఊరి అడవి మీద గ్రామసభకు చట్టబద్ధ హక్కు ఇచ్చే సామూహిక అటవీ వనరుల హక్కు పత్రం కావాలా?

ఖర్చు: వన సంరక్షణ సమితి అయితే మొక్కలు, కూలి డబ్బులు అటవీ శాఖ చూసుకుంటుంది. హక్కు పత్రానికి ఫారం ఉచితమే, తిరుగుడే ఖర్చు.

శ్రమ: సమితికి అంత శ్రమ ఉండదు. హక్కు పత్రానికి 2006 అటవీ హక్కుల చట్టం కింద ఫారం-సి నింపి, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని హద్దులు నడిచి, వాగు, పశువుల బాట, పాత చింతచెట్టు మ్యాపులో గీసి, గ్రామసభ తీర్మానంతో సబ్‌డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి పంపాలి, ఓపిక ఉండాలి మరి.

రిస్క్: నిధులు ఆగితే సమితికి బోర్డే మిగులుతుంది. హక్కు అలా పోదు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మేంఢా లేఖా అనే ఊరు 2009లో పత్రం సాధించి, 2011 నుంచి తన వెదురుకు తానే రవాణా పాసులు రాసుకుంది.

నర్సరీ, కూలి పనులే కావాలంటే వీఎస్‌ఎస్ చాలు. వెదురు, తునికాకు మీద బతికే ఊరైతే, ఆలస్యమైనా హక్కు పత్రమే.