జెమ్ కొనుగోలు శిక్షణ: ల్యాప్‌టాప్‌కి పాస్, సాఫ్ట్‌వేర్‌కి సప్లిమెంటరీ

ప్రభుత్వ ఆఫీసులు ఆన్‌లైన్‌లో కొనే పోర్టల్ జెమ్‌లో 50 వేల రూపాయల దాకా నేరుగా కొనొచ్చని, 10 లక్షలు దాటితే అమ్మేవాళ్ల మధ్య పోటీకి బిడ్ పెట్టాల్సిందేనని పర్చేజ్ సెక్షన్‌లో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో మాదొక కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఆఫీసు నన్ను పంపిన డిజిటల్ కొనుగోలు శిక్షణ అయి రెండేళ్లు దాటింది. ఒకే ఒక్క సెషన్ కోసం మిగతాదంతా భరించొచ్చని అప్పట్లో అందరికీ చెప్పాను. ఇప్పటికీ దాదాపు అదే మాట.

ఆ సెషన్ స్పెసిఫికేషన్, అంటే కొనేదానికి ఏమేం ఉండాలో, రాయడం గురించి. ట్రైనర్ స్లైడ్లు మూసేసి, పాత బిడ్ ఒకటి తెర మీద పెట్టాడు. ఒక్కో లైను దగ్గర ఆగి, "ఇది తీసేస్తే మీ పని ఆగుతుందా?" అని అడిగాడు. ఆగదంటే ఆ లైను కొట్టేశాడు. జెమ్ బిడ్ చివర వచ్చే డిస్‌క్లెయిమర్‌ని మనం ఎవరం చదవం కదా, దాన్నీ చదివించాడు. అదనపు షరతుల్లో ఫలానా బ్రాండ్, ఫలానా మోడల్ అని రాస్తే ఆ షరతు చెల్లదని అందులోనే ఉంటుంది.

తిరిగొచ్చిన కొన్నాళ్లకే ఒక డివిజన్ నుంచి ల్యాప్‌టాప్‌ల ఇండెంట్, అంటే ఇవి కొనిపెట్టమనే కాగితం, వచ్చింది. బ్రాండ్ పేరు లేదు గానీ, బరువు 1.38 కిలోలు మించకూడదు, ఫలానా పోర్టులు ఇన్ని ఉండాలి... ఫిల్టర్లు పెడుతూ పోతే చివరికి ఒకే మోడల్ మిగిలింది. ఎవరో వెండర్ కొటేషన్‌ని మక్కీకి మక్కీ దించారని తెలిసిపోతూనే ఉంది. ఇదివరకైతే అభ్యంతరం రాసి ఫైల్ వెనక్కి పంపేవాళ్లం. అది అలాగే తిరిగొచ్చేది. ఈలోగా ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 ముంచుకొస్తే అందరికీ టెన్షన్.

ఈసారి ఇండెంట్ పట్టుకుని నేనే ల్యాబ్‌కి వెళ్లాను. "సార్, వీటి మీద ఏం చేస్తారు?" అంటే సిమ్యులేషన్లు నడపాలట. బయటికి మోసుకెళ్తారా అంటే లేదు, టేబుల్ మీదే ఉంటాయట. "మరి బరువుతో పనేంటి సార్?" ఆయన నవ్వేసి, పెన్ను తీసి తనే ఆ లైను కొట్టేశారు. మెమరీ మాత్రం 32 జీబీ ఉండాలన్నారు. పాడైతే మనిషి ల్యాబ్‌కే వచ్చి బాగుచేయాలన్నారు. అసలు ఇండెంట్‌లో ఈ రెండో ముక్కే లేదు! బిడ్ తెరిస్తే వేర్వేరు కంపెనీల మోడళ్లు పోటీపడ్డాయి. వెండర్ల నుంచి రిప్రెజెంటేషన్, అంటే అభ్యంతరం, ఒక్కటీ రాలేదు. ఆడిట్ వాళ్లు ఆ ఫైల్ తిరగేసి పక్కన పెట్టేశారు. పర్చేజ్ సెక్షన్‌కి అంతకన్నా పండగ ఏముంటుంది?

కాకపోతే ట్రైనర్ నేర్పిన ఆ ప్రశ్న వస్తువులకి పనిచేసినంతగా సేవలకి పనిచేయదు. సాఫ్ట్‌వేర్ నిర్వహణ కాంట్రాక్టుకీ అదే పద్ధతిలో అవసరాలు క్లుప్తంగా రాశాం. ఎల్-1గా, అంటే అందరికన్నా తక్కువ ధరకి, వచ్చినవాళ్లు కాగితం మీద అన్నిటికీ సరిపోయారు. తీరా వాళ్లు పంపిన కుర్రాడు మా డేటాబేస్ దగ్గర కూర్చుని మమ్మల్నే అడగడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఏం కావాలో రాస్తే చాలదు, చేసేవాడి సత్తా కూడా తూచాలి. దారి లేకపోలేదు. 2021 అక్టోబర్‌లో ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం, అధికారం ఉన్నవారు ఆ కొనుగోలుని నాణ్యత ప్రధానమైనదిగా ప్రకటిస్తే, కన్సల్టెన్సీ కాని సేవల్లోనూ ధరేతర అంశాలకి 30 శాతం దాకా వెయిటేజీ ఇవ్వొచ్చు. శిక్షణలో దీనికి దక్కింది ఒక్క స్లైడ్. దేనికెన్ని మార్కులు, ఎవరు వేయాలి, ఓడిన వెండర్ నిలదీస్తే ఏ కాగితం చూపాలి, ఒక్కటీ ప్రాక్టీస్ చేయించలేదు.

మాది చిన్న ఆఫీసు, రెండంతస్తులు ఎక్కితే ల్యాబ్. ఫైనాన్స్ ఆఫీసర్ గారు కూడా అడ్డుపడే రకం కాదు. ఇండెంట్ ఇచ్చేవాళ్లు వేరే ఊళ్లో ఉండే ఆఫీసులకి ఇంత కలిసొస్తుందని హామీ ఇవ్వలేను. మీరు కొనేది ఎక్కువగా హార్డ్‌వేరే అయితే వెళ్లండి, మీ పాత బిడ్ ఒకటి ప్రింట్ తీసి పట్టుకెళ్లండి. మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయిని వచ్చే బ్యాచ్‌కి పంపుతున్నాం. తిరిగొచ్చాక ల్యాప్‌టాప్, ప్రింటర్ ఇండెంట్లన్నీ ఆమెకే. సాఫ్ట్‌వేర్ రెన్యువల్ ఫైల్ మాత్రం నేనే చూసుకుంటాను.