హనుమకొండ టాటూ షాపు: సూదికి ఫుల్ మార్కులు, గోడకు సగమే

హనుమకొండ చౌరస్తా దగ్గర సందులో, మందుల షాపు పైన ఉంటుంది. మెట్లు ఇరుకు, బండి పెట్టుకోవడానికి జాగా లేదు. ముంజేతి మీద తీగ, రెండు ఆకులు వేయించుకుంటే మూడు వేలు తీసుకున్నారు. జాతరలో ఇంతకంటే చాలా చవకగా వేస్తారని బేరమాడకండి. ఒకరికి వాడిన సూదే ఇంకొకరికి గుచ్చడం అక్కడ కళ్లారా చూశాను. ఇక్కడి తమ్ముడు సూది ప్యాకెట్ నా ముందే చింపాడు. "డేట్ చూస్కో అక్కా" అని ముందే చూపించాడు కూడా. చిన్న మూతలో పోసిన సిరాలో మిగిలింది పారేశాడు.

కుర్చీకి ఎదురుగా గోడ నిండా పాత అమెరికా సర్కస్ ఫొటోలు. నొప్పి మరిచిపోయింది వాటి వల్లే. ఒళ్లంతా పచ్చబొట్లున్న ఆడవాళ్లు, ఏడువారాల నగలు పెట్టుకున్నంత దర్జాగా కూర్చున్నారు. 1907 నాటి ఫొటోలో ఉన్నది మాడ్ వాగ్నర్, సర్కస్‌లో గాల్లో విన్యాసాలు చేసిన మనిషి. 1904లో సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో గస్ వాగ్నర్ షికారుకు పిలిస్తే, ముందు పచ్చబొట్టు పని నేర్పు, తర్వాత వస్తానందట! పెళ్లయ్యాక ఇద్దరిదీ అదే వృత్తి. పచ్చబొట్లు పొడిచే కరెంటు మిషన్‌కు న్యూయార్క్‌లో ఓరైలీ అనే పచ్చబొట్లాయన 1891లోనే పేటెంట్ తీసుకున్నా, వీళ్లు మాత్రం చేతి సూదినే నమ్ముకున్నారు. మా నానమ్మ చేతి మీది చుక్కలూ అలా పొడిచినవే.

నా ఫిర్యాదల్లా నోరా హిల్డెబ్రాంట్ ఫొటో కింది రాత మీద. అమెరికా ఆదివాసీల్లో లకోటా తెగ నాయకుడు సిట్టింగ్ బుల్ ఆమె తండ్రిని బెదిరించి బలవంతంగా పొడిపించాడని రాసి పెట్టారు. అది 1882లో ఆమె ప్రదర్శనలకు దిగినప్పుడు జనానికి అమ్మిన కట్టుకథ. నిజానికి పొడిచింది మార్టిన్ హిల్డెబ్రాంట్, న్యూయార్క్‌లో పచ్చబొట్ల షాపు నడిపినాయన. ఇష్టపడి వేయించుకున్నానంటే ఆడదాన్ని తిట్టిపోసే రోజులవి. బలవంతాన పొడిచారంటే మాత్రం అయ్యో పాపం అంటూనే టికెట్ కొని, చేతులూ కాళ్లూ తేరిపార చూస్తారు. మధ్యలో ఆ లకోటా నాయకుడికి లేనిపోని చెడ్డపేరు. ఆమెకు ముందు బార్నమ్ అనే ఆయన సర్కస్‌లో ఒళ్లంతా పచ్చబొట్లతో కనిపించిన కోస్టెంటెనస్ కూడా శత్రువులు పట్టుకుని పొడిచారనే చెప్పుకున్నాడు.

తమ్ముడికి ఇదంతా చెబితే నవ్వి, "కథ బాగుంటేనే చదువుతరు అక్కా" అన్నాడు. నేనైతే ఒక స్టార్ కోసేశాను. నెలలోపు టచప్ ఫ్రీ అన్నారు కాబట్టి మళ్లీ వెళ్తాను, అప్పటికి ఆ రాత మారిస్తే స్టార్ తిరిగి ఇచ్చేస్తా. ఆదివారం మాత్రం పోకండి, కుర్చీ దొరకదు.