జీబ్రా చేపలకు రెండున్నర అడుగుల ట్యాంకు: నాలుగేళ్ళ వాడకం తర్వాత

"ఇవేంటమ్మా, గానుగెద్దుల్లా ఒకచోటే తిరుగుతున్నాయి?" అని మా అత్తయ్య అడిగేదాకా ఆ ట్యాంకులో నాకు తప్పేమీ కనపడలేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అందులో ఆరు జీబ్రా చేపలు. మా బాబు ముచ్చటపడ్డాడని కొన్నాం. దుకాణంలో "ఇవి గట్టి చేపలు మేడమ్, ఎందులో వేసినా బతుకుతాయి" అన్నారు. బతకడం వరకు నిజమే.

మాది విజయవాడ, మూడో అంతస్తు. ఆ చిన్న ట్యాంకు ఎనిమిది నెలలు నడిపాను. తర్వాత కొన్నది 30 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు. దానికిప్పుడు నాలుగేళ్ళు నిండాయి. రెండింట్లోనూ అదే జాతి చేపలు, అదే బోరు నీళ్ళు, అదే ఎండ. తేడా అంతా ట్యాంకుదే.

ముందు లీటర్ల సంగతి. చిన్నది 28 లీటర్లని చెప్పి ఇచ్చారు. ఇంటికొచ్చి మంచినీళ్ళ క్యానుతో పోస్తే 20 లీటర్ల క్యాను ఒక్కటి కూడా పూర్తిగా పట్టలేదు. వాళ్ళ లెక్క బయటి కొలతలది. అద్దం మందం పోను, అడుగున అంగుళంన్నర గులకరాళ్ళు పోను, చేపలు ఎగరకుండా పైన రెండంగుళాలు వదిలితే మిగిలేది అంతే. పెద్దది కూడా లెక్కకు 88 లీటర్లు, పట్టింది మూడు క్యాన్లూ నాలుగోదాంట్లో పావు వంతూ. చెప్పిన లీటర్లలో మూడో వంతు దాకా తీసేసుకుని ఆలోచించండి.

ఆ ఇరుకులో ఏం జరిగేదంటే, ఆరింటిలో బలమైనది ఒకటి మిగతావాటిని పొద్దస్తమానం తరిమేది. జీబ్రాల్లో పెత్తనం మామూలే, కానీ తరిమించుకున్నది తప్పించుకోవడానికి చోటుండాలి. మా ట్యాంకులో చివరి నుంచి చివరికి తోక రెండుసార్లు ఆడిస్తే అయిపోయేది. అన్నిటికన్నా చిన్న చేప ఫిల్టర్ వెనకాల నక్కి ఉండేది. తిండి వేసినప్పుడు మిగతావి పైకి వెళ్ళాయా లేదా అని చూసుకుని, ఒక్క నలుసు అందుకుని మళ్ళీ వెనక్కి పోయేది. దాని తోక అంచు చిరిగి ఉండేది. ఒకరోజు పొద్దున అది రాయి వెనక చనిపోయి ఉంది. నేను గమనించేసరికి నీళ్ళు తెల్లగా మబ్బు పట్టాయి. నీళ్ళు పరీక్షించే కిట్‌తో చూస్తే, చేప కుళ్ళితే పుట్టే విషం అమ్మోనియా, అసలు ఉండకూడనిది, లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా చూపించింది. ఒక్క చిన్న చేపకే అంత! ఇంకో చేప మూత సందులోంచి ఎగిరి పడింది. ఆ రెండూ నా తప్పే అనిపించి చాలా బాధపడ్డాను.

పరిశోధనశాలల్లో వీటిని మూడు నాలుగు లీటర్ల డబ్బాల్లోనే పెంచుతారు కదా అని కొందరంటారు. నిజమే, మన హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీలో కూడా జీబ్రా చేపల మీద పరిశోధన జరుగుతుంది. కానీ అలాంటి చోట్ల డబ్బాలన్నిటికీ కలిపి శుభ్రం చేసిన నీరు రోజంతా పారుతూనే ఉంటుంది. మన ఇంట్లో ఆ పారుదల ఎక్కడిది?

పెద్దది కొనబోతే ఇంకో దుకాణంలో 18 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 24 ఎత్తున్నది చూపించారు. హాల్లో అందంగా ఉంటుందన్నారు, లీటర్లు కూడా దాదాపు సమానం. ఎత్తుది తీసుకోనందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను. ఈ చేపలు సొంత చోట వాగుల్లో, వరి మళ్ళ పక్క కాలువల్లో, లోతు తక్కువ నీళ్ళలో అడ్డంగా ఈదేవి. వీటికి పనికొచ్చేది పొడవే. పైగా ప్రాణవాయువు నీళ్ళలోకి దిగేది పైభాగం నుంచే. ఎత్తుదానికి పైభాగం 216 చదరపు అంగుళాలు, నాదానికి 360. నీళ్ళు వేడెక్కే కొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి మే నెలలో ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. మా ఊళ్ళో ఆ నెలలో ట్యాంకు నీళ్ళు 31, 32 డిగ్రీలు చేరతాయి. నియాన్ టెట్రాలనే ఇంకో రకం చిన్న చేపలు 22 నుంచి 26 మధ్య హాయిగా ఉంటాయి, అందుకే ఇష్టమున్నా నేను తేలేదు. ఏసీ గదిలో పెట్టుకోగలిగితే ఎనిమిదో పదో నియాన్లకు రెండడుగుల ట్యాంకు సరిపోతుంది, అవి నిదానంగా ఈదే రకం.

కొత్త ట్యాంకులో పాతవి నాలుగు, కొత్తవి ఎనిమిది వేశాను. వారం తిరిగేసరికి తరమడం తగ్గింది. పూర్తిగా పోలేదు, కానీ దెబ్బంతా ఒక్కదాని మీదే పడటం లేదు. పొద్దున లైటు వేయగానే పన్నెండూ ఒక వైపు నుంచి బారుగా వచ్చి, అద్దం దగ్గర ఒక్కసారిగా మళ్ళుతాయి. ఆ మలుపులో నీలం చారలు తళుక్కుమంటాయి. చిన్న ట్యాంకులో ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఇది చూడలేదు.

మార్చాల్సిన నీళ్ళ వంతు కూడా తగ్గింది. అప్పుడు వారానికి సగం నీళ్ళు మార్చేదాన్ని, ఇప్పుడు ఒక బకెట్, 15 లీటర్లు, అంటే నాలుగో వంతు కూడా కాదు. వేసవిలో ఆవిరైన మేరకు బోరు నీళ్ళే పోస్తే చాలదు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పులన్నీ లోపలే పేరుకుంటాయి. అద్దం మీద తెల్ల చారలు అవే. అందుకే పోయడంతో ఆపకుండా కొంత తీసి మార్చాల్సిందే.

ఇబ్బందులు లేవని కాదు. నీళ్ళు, రాళ్ళు, అద్దం కలిపి 90 కిలోలు. టీవీ బల్ల మీద పెట్టే పని కాదు, ఇనుప స్టాండు చేయించి ట్యాంకు కింద థర్మోకోల్ వేశాం. 12 అంగుళాల వెడల్పులో వెనక మొక్కలు పెడితే ముందు దారి సన్నబడుతుంది. మళ్ళీ కొంటే 15 వెడల్పు తీసుకుంటాను. మూతలో పైపు కోసం వదిలిన కంత నుంచి చేపలు ఎగిరి పడకుండా అక్కడ నెట్ కట్టాను. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఉండాలి.

చిన్న ట్యాంకును పారేయలేదు. జీబ్రాలు గుడ్లు పెట్టి వాటినే తినేస్తాయి, అందుకని అడుగున గోళీలు పరిచి, గుడ్లు సందుల్లోకి జారాక పెద్దవాటిని తీసేస్తాను. పిల్లలకు ఆ 20 లీటర్లు మూడు నెలల దాకా చాలు. పోయిన నెల ఐదింటిని పెద్ద ట్యాంకులోకి వదిలాం. మొదటి పూట మొక్కల్లో దాక్కున్నాయి. సాయంత్రం మా బాబు లెక్కపెట్టి, "అమ్మా, బారులో పదహారున్నాయి" అన్నాడు. పదిహేడోది మర్నాడు వచ్చి కలిసింది.