పేరు లేని జట్లతో ఎనిమిదేళ్లు: పెస్ 2017 సమీక్ష

కొనామి సంస్థ తయారుచేసిన ప్రో ఎవల్యూషన్ సాకర్ 2017 అనే ఫుట్‌బాల్ ఆట, ఆడేవాళ్లంతా పెస్ అని పిలుచుకునేది, తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటి కంప్యూటర్‌లో 2017 వేసవి నుంచి ఉంది. ఎక్కించిన వారంలోనే సెలవులకు చిత్తూరు నుంచి వచ్చిన మా చిన్నాన్న కొడుకు, స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్ కోసం జట్ల జాబితాను రెండుసార్లు పైకీ కిందికీ జరిపి చూశాడు. ఆ పేరు ఎక్కడా లేదు. చివరకు "ఎండీ వైట్" అనే జట్టును తెరిస్తే, ఎవరిదో తెలియని చిహ్నం ఉన్న తెల్ల జెర్సీలో క్రిస్టియానో రొనాల్డో మాత్రం సొంత పేరుతో, సొంత ముఖంతో నిలబడి ఉన్నాడు.

"ఏందన్నా ఇది? మనిషి ఉండాడు గానీ టీమే లేదే!" అన్నాడు వాడు.

ఆటగాళ్ల పేర్ల హక్కులు వాళ్ల సంఘమైన ఫిఫ్‌ప్రో ద్వారా వస్తాయి. వాటిని ఒకటికి మించిన సంస్థలు కొనుక్కోవచ్చు. జట్టు పేరు, చిహ్నం, జెర్సీ హక్కులు మాత్రం క్లబ్బు చేతిలోనో లీగు చేతిలోనో ఉంటాయి, వాటిని ఒకే సంస్థకు కట్టబెట్టే ఒప్పందాలు ఎక్కువ. అందుకే ఈ ఆటలో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీ "లండన్ ఎఫ్‌సీ" అయింది, ఇటలీ క్లబ్బు జువెంటస్ "పీఎం బ్లాక్ వైట్" అయింది, జర్మనీ లీగు బుండెస్‌లిగా అసలు లేకుండానే పోయింది. యూరప్ క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ హక్కులు అప్పట్లో కొనామి దగ్గరే ఉండటంతో, 2016లో ఆ కప్పు గెలిచిన రియల్ మాడ్రిడ్ అదే పోటీలో మారుపేరుతో దిగాల్సి వచ్చింది. అభిమానికి ఇది చిన్న విషయం కాదు. మన జట్టు అని చెప్పుకోవడానికి పేరూ రంగూ తప్ప మనకు ఇంకేమున్నాయి?

ఇంత లోటున్నా ఎనిమిదేళ్లు ఎందుకు ఆడానంటే, బంతి కోసమే. పాస్ ఇచ్చినప్పుడు బంతి వేగం, అందుకునేవాడి ఒంటి వాలు, ఏ కాలితో ఆపాడన్నది అన్నీ లెక్కలోకి వస్తాయి. గట్టిగా వచ్చిన బంతిని ఛాతీతో ఆపి పక్కకు తిరిగే ఆ ఒక్క కదలికలో ఇప్పటికీ కొత్తదనం కనిపిస్తుంది. నేను అలవాటు కొద్దీ ఎప్పుడూ కుడి అంచు నుంచే దాడి చేస్తాను. పది నిమిషాలు గడిచేసరికి ప్రత్యర్థి జట్టు అటువైపు ఇద్దరిని కాపలా పెట్టేస్తుంది. మన ఆటతీరును కంప్యూటర్ గమనించి మారే ఈ ఏర్పాటు మాటవరసకు పెట్టింది కాదు, నిజంగా పనిచేస్తుంది. కంప్యూటర్ వెర్షన్‌లో పచ్చికా వెలుతురూ ప్లేస్టేషన్ 4లో ఉన్నంత బాగా లేవు. అందుకు ప్రతిఫలంగా మా పాత యంత్రంలోనూ తడబడకుండా నడుస్తుంది.

పేర్ల లోటును అభిమానులే తీర్చారు. అసలు పేర్లూ చిహ్నాలూ జెర్సీలూ కూర్చిన ఎడిట్ ఫైళ్లను ఎవరెవరో రాత్రుళ్లు కూర్చుని తయారుచేసి ఉచితంగా పంచారు. ఒక సంస్థ డబ్బు తీసుకుని ఇవ్వలేకపోయిన దాన్ని ముక్కూమొహం తెలియని మనుషులు ఊరికే ఇచ్చారన్న కృతజ్ఞత నాకు ఇప్పటికీ ఉంది. అయితే ఆ దారిలో దెబ్బ కూడా తిన్నాను. ఊళ్లో ఒక దుకాణంలో డబ్బిచ్చి ఇలాంటి మార్పుల ప్యాచ్ వేయించుకుంటే, వాళ్లు వేరే వెర్షన్‌ది వేసి, రెండేళ్లుగా ఆడుతున్న నా మాస్టర్ లీగ్ (ఒక జట్టును సీజన్ల తరబడి నడిపించే విభాగం) సేవ్ ఫైలును చెరిపేశారు. మళ్లీ మొదటి సీజన్ నుంచి మొదలుపెట్టాను.

ఏకైక హక్కుల వల్ల ధరకూ నాణ్యతకూ ఏమవుతుందో అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్పష్టంగా కనిపించింది. 2004లో ఈఎస్‌పీఎన్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2కె5 అనే ఆట 19.99 డాలర్లకే రావడంతో, దాదాపు 50 డాలర్లకు అమ్ముతున్న ఈఏ సంస్థ తన మ్యాడెన్ అనే ఆటను 29.95 డాలర్లకు దించింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ హక్కులన్నీ ఈఏ ఒక్కదానికే దక్కాయి. మరుసటి ఏడాది మ్యాడెన్ ధర మళ్లీ మునుపటి చోటికే చేరింది. దీనిపై కొనుగోలుదారులు వేసిన దావా 2012లో 2.7 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. ఫుట్‌బాల్‌లోనైతే, నింటెండో స్విచ్ అనే గేమింగ్ యంత్రంలో, పెస్‌కు పోటీ అయిన ఈఏ వారి ఫిఫా 20 నుంచి 23 దాకా వచ్చిన ఆటలకు "లెగసీ ఎడిషన్" అని పేరు పెట్టి, జట్లూ జెర్సీలూ తప్ప ఆటలో కొత్త హంగులేవీ ఉండవని ఈఏ ముందే చెప్పి మరీ అమ్మింది. నా దృష్టిలో పోటీ లేకపోవడమంటే అదే.

కొనామి కూడా ఇందుకు అతీతం కాదు. 2018లో రొనాల్డో రియల్ మాడ్రిడ్ నుంచి జువెంటస్‌కు వెళ్లాడు, మా చిన్నాన్న కొడుకు అభిమానమూ ఆయన వెంటే వెళ్లింది. మారుపేర్ల బాధ పడలేక వాడు ప్లేస్టేషన్ మీద ఫిఫాకు మారాడు. 2019లో కొనామి జువెంటస్ హక్కులను తనకొక్కదానికే కొనేసుకుంది. ఆ ఏడాది ఫిఫా 20 తెరిచి చూసి వాడు చిత్తూరు నుంచి నాకు ఫోన్ చేశాడు: "అన్నా, ఈడ కూడా అదే కథ. రొనాల్డో ఉండాడు, టీము పేరు పీమోంటే కాల్చో అంట." రెండు ఆటలకూ డబ్బు పెట్టిన కుర్రవాడికి రెండింటిలోనూ తన జట్టు దొరకలేదు.

లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆట బాగుంటుందనీ లేదు. అధికారిక హక్కులతో 2013లో వచ్చిన యాషెస్ క్రికెట్ ఆట ఎంత లోపభూయిష్ఠంగా ఉందంటే, విడుదలైన కొద్ది రోజులకే దాన్ని వెనక్కి తీసుకుని కొన్నవారికి డబ్బు తిరిగిచ్చారు. మరుసటి ఏడాది బ్రాడ్‌మన్ పేరు తప్ప పెద్దగా హక్కులేవీ లేకుండా వచ్చిన డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14లో జట్లను అభిమానులే తయారుచేసుకున్నారు. క్రికెట్ ఆడిన తృప్తి నాకు అందులోనే దొరికింది.

పెస్ 2017 ఆన్‌లైన్ సేవలు ఎప్పుడో నిలిచిపోయాయి. ఆన్‌లైన్ దుకాణాల్లోనూ ఇప్పుడు అమ్మడం లేదు. కంప్యూటర్ డిస్కు కోడ్ ఒకసారి వాడితే మరొకరికి పనికిరాదు కాబట్టి, ఇప్పుడు కావాలనుకునేవారు ప్లేస్టేషన్ 4 పాత డిస్కు కోసం వెతకాలి. ఎడిట్ ఫైలు ఎక్కించే ముందు మీ సేవ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టుకోండి.